ఓడ రిజిస్టరు నుంచి ఊరి దాకా: గిర్మిట్ కూలీలుగా వెళ్లిన తెలుగువారి జాడ తీయడం ఎలా

బ్రిటిష్ కాలంలో గిర్మిట్, అంటే ఒప్పందం (అగ్రిమెంట్) మీద విదేశాలకు కూలికి వెళ్లినవారి వారసుల నుంచి తెలుగునాట ఉన్నవారికి తరచూ ఒకే రకం ప్రశ్న వస్తుంటుంది, దర్బన్ నుంచి, మారిషస్ నుంచి, ఫిజీ నుంచి. ఒక పాత రిజిస్టరు పేజీ ఫోటో, కింద రెండు ముక్కలు: "మా ముత్తాతది ఈ ఊరట, ఎక్కడుందో చెప్పగలరా?" ఆ ఊరి పేరు ఏ మ్యాపులోనూ దొరకదు. ఇంటిపేరు ఉండదు. తండ్రి పేరు రామన్ అని ఉంటుంది, కులం గడిలో మనకు తెలియని మాట ఉంటుంది. అయినా ఆ పేజీ నుంచి ఊరిదాకా దారి చాలాసార్లు దొరుకుతుంది, ఏ కాగితం ఏం చెప్పగలదో, ఏది చెప్పలేదో ముందే తెలిసి ఉంటే.

జనాభా లెక్కల మీద ఆశ పెట్టుకోవద్దు

ఇంగ్లండులోనో అమెరికాలోనో వంశవృక్షం కూర్చేవారు మొదట తెరిచేది జనాభా లెక్కల కాగితాలు. బ్రిటన్‌లో 1841 నుంచి 1921 వరకు ఇంటింటి జాబితాలు పేర్లతో సహా చూడవచ్చు. అమెరికాలో 72 ఏళ్లు దాటిన లెక్కలను అందరికీ తెరుస్తారు. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలు దాదాపు అన్నీ వీటి చుట్టూ, చర్చి రిజిస్టర్ల చుట్టూ తిరుగుతాయి. ఆ పద్ధతిని మన దగ్గరికి తెచ్చుకుంటే మొదటి మెట్టు మీదే ఆగిపోతాం. ఇక్కడ 1871-72 నుంచి లెక్కలు జరుగుతున్నా, మనుషుల పేర్లు రాసుకున్న షెడ్యూళ్లను అంకెలు తీశాక భద్రపరచలేదు. మిగిలినవి మొత్తాలే: ఊరికి ఇన్ని ఇళ్లు, ఇంతమంది జనం. స్వాతంత్ర్యం తర్వాతి లెక్కల్లోని వ్యక్తుల వివరాలను ఎవరికీ చూపకూడదని 1948 నాటి సెన్సస్ చట్టమే చెబుతుంది. కాబట్టి 1901 లెక్కల్లో మీ తాతగారి పేరు వెతికిపెడతామని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడే మాట తెంచేయండి. జనాభా లెక్కల్లో మనకు పనికొచ్చేది గ్రామాల జాబితా ఒక్కటే. దాని పని తర్వాత వస్తుంది.

పేరు కాదు, నంబరు

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు 1834 ఆగస్టు 1న అమలులోకి వచ్చింది. అదే ఏడాది నవంబరు 2న కూలీలతో 'అట్లాస్' ఓడ మారిషస్ చేరింది. దర్బన్ రేవు ఉన్న దక్షిణాఫ్రికా ప్రాంతం నేటాల్‌కు మొదటి ఓడ 'ట్రూరో' మద్రాసు నుంచే బయలుదేరి 1860 నవంబరు 16న 342 మందితో దర్బన్‌లో ఆగింది. ఫిజీకి 1879 నుంచి కలకత్తా ఓడలు వెళ్లాయి గానీ మద్రాసు ఓడలు మొదలైంది 1903లో. అందువల్ల ఫిజీ తెలుగు కుటుంబం తమ పెద్దలు 1880ల్లోనే వచ్చారని చెబితే, ఆ మాటను ఒకసారి సరిచూసుకోవాలి.

ఒప్పందం సాధారణంగా ఐదేళ్లది. మనుషుల్ని ఎంత నిర్దయగా వాడుకున్నారో అంత పద్ధతిగా వారి గురించి కాగితాలు రాశారు. ఆ పద్ధతి వల్లే ఇవాళ మనం వెతకగలుగుతున్నాం. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. చంటిబిడ్డకూ ఇచ్చారు. జీతం పద్దు, ఆసుపత్రి, కోర్టు కేసు, పెళ్లి, చావు, తిరుగు ప్రయాణం అన్నీ ఆ నంబరు మీదే నడిచాయి. పేరు ఒక్కో గుమాస్తా చేతిలో ఒక్కో రూపం ఎత్తుతుంది, నంబరు మారదు.

నేటాల్ నంబర్లు వరుసగా పెరుగుతూ పోతాయి. 1860 నుంచి 1911 వరకు వచ్చినవారు 1,52,184 మంది, వారిలో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు ఓడల్లో వచ్చారు. మధ్యలో 1866 నుంచి 1874 వరకు ఓడలు ఆగాయి, అప్పటికి వచ్చినవారు 6,445. అంటే ఆరున్నర వేలలోపు నంబరు కనిపిస్తే ఆ మనిషి తొలి విడతవాడని ఇంకే కాగితం చూడకుండానే చెప్పవచ్చు. అసలు రిజిస్టర్లు దర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిని ఎక్కించిన డేటాబేసును క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయపు గాంధీ-లుతూలీ డాక్యుమెంటేషన్ సెంటర్ అందుబాటులో పెట్టింది. అందులో పేరుతోనే కాక ఊరు, తాలూకా, ఓడ పేరుతో కూడా వెతకవచ్చు.

మారిషస్ కాగితాలు అక్కడి మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. నంబరు ఇస్తే రిజిస్టరులోని ఎంట్రీ నకలు తీసి ఇస్తారు. 1860ల నుంచి అక్కడ కూలీల ఫోటోలు తీశారు, అదృష్టం ఉంటే ముత్తాత ముఖమే కనిపిస్తుంది. ఫిజీ ఎమిగ్రేషన్ పాసులు సువాలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మనిషికి ఒక పాసు చొప్పున ఉండడం వల్ల చదవడానికి వీటంత హాయి ఇంకేవీ కావు.

మరి నంబరు ఎక్కడ దొరుకుతుంది? విదేశంలో ఉన్న చుట్టాలను ముందు ఇంట్లో వెతకమనండి. పాత పెళ్లి సర్టిఫికెట్, మరణ నమోదు, పిల్లల జనన పత్రం, ఒప్పందం ముగిసినప్పుడు ఇచ్చిన విడుదల పత్రం, ఆస్తి పంపకం కాగితాలు, వీటిలో ఏదో ఒకదాని అంచున నాలుగైదు అంకెలు ఉంటాయి. ఇప్పుడు బతికి ఉన్నవారి దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి నడవాలి. చాలామంది నేరుగా ఓడ జాబితా తెరిచి ఇంటిపేరు కొడతారు, సున్నా ఫలితాలు వస్తాయి. ఇప్పటి ఇంటిపేరు ఓడ ఎక్కిన రోజున అసలు లేకపోవడమే దానికి కారణం. దక్షిణాఫ్రికాలో నాయుడు, రెడ్డి లాంటి బిరుదులు తర్వాతి తరాలకు ఇంటిపేర్లయ్యాయి. మారిషస్‌లో మొదట వచ్చిన మనిషి సొంత పేరే మనవలకు ఇంటిపేరుగా మిగిలింది. అక్కడి అప్పాడు, వెంకటసామి, సన్యాసి ఇంటిపేర్లు చాలావరకు ఒకప్పటి ఒక మనిషి పేర్లే.

పేజీని గడి గడిగా చదవడం

నేటాల్ జాబితాలో సాధారణంగా ఉండేవి: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా లేదా ఠాణా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, పనికి తీసుకున్న యజమాని. ఫిజీ పాసులో వీటితో పాటు దగ్గరి బంధువు పేరు, పెళ్లయితే ఎవరితో అన్నది కూడా ఉంటుంది. తొలి ఓడల్లో కొన్ని గడులు ఖాళీ.

పేరు దగ్గర మొదటి చిక్కు మద్రాసు డిపో, అంటే ఓడ ఎక్కే ముందు కూలీలను ఉంచి పేర్లు రాసుకున్న చోటు. అడిగేవాడు, అనువదించేవాడు తరచూ తమిళుడు, రాసేది ఇంగ్లీషులో, చెప్పేవాడు శ్రీకాకుళం యాస మనిషి. రాముడు రామన్ అవుతాడు, రామూడూ అవుతాడు. గ-క, జ-చ, డ-ట, ద-త, బ-ప తారుమారు అవుతాయి: గంగమ్మ కంగమ్మగా, బంగారయ్య పంగారయ్యగా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. వెతికేటప్పుడు ఒకే పేరును ఐదారు రకాలుగా రాసి చూడండి, ముఖ్యంగా మొదటి అక్షరం మార్చి. చివరి "డు", "య్య", "గాడు" తీసేసి పేరు మొదటి సగంతో వెతికితే ఎక్కువ దొరుకుతాయి.

పేరు ఇంకో సాయం కూడా చేస్తుంది, దీన్ని తెలుగువాళ్లే పట్టుకోగలరు. సింహాద్రి, అప్పన్న, అప్పలస్వామి, సన్యాసి, పైడితల్లి, నూకాలమ్మ, గురువులు, ఇవి ఉత్తరాంధ్ర పేర్లు. సింహాచలం అప్పన్న, విజయనగరం పైడితల్లి, అనకాపల్లి నూకాలమ్మల చుట్టుపక్కల ఊళ్లలో ఇంటికొకరు ఉంటారు. జిల్లా గడి చెరిగిపోయిన పేజీలో తండ్రి అప్పలస్వామి, కూతురు పైడితల్లి అని ఉంటే దక్షిణాన ఆర్కాటు వైపు వెతకడం వృథా.

వయసును ఎప్పుడూ ఐదేళ్లు అటూ ఇటూగా తీసుకోవాలి. 20, 25, 30 అన్న గుండు సంఖ్యలు పేజీ నిండా కనిపిస్తాయి. పుట్టిన రోజు తెలియని మనిషి, పనికి పడుచువాళ్లు కావాలన్న ఏజెంటు, ఇద్దరూ కలిసి వేసిన లెక్క అది.

కులం గడిని మరీ నమ్మకండి, అలాగని పక్కన పడేయకండి. కాపు, గవర, వెలమ, బలిజ, మాల, యాత అని తిన్నగా రాసినచోట అది ఊరిలో ఏ వీధికి వెళ్లాలో చెబుతుంది. "జెంటూ", "తెలింగ" అని ఉంటే అది కులం కాదు, తెలుగు మనిషి అని మాత్రమే గుమాస్తా ఉద్దేశం. మారిషస్ కాగితాల్లో "మలబార్" అంటే దక్షిణాది మనిషి అన్న గుర్తు తప్ప కేరళతో సంబంధం ఉండనక్కర్లేదు. ఏజెంటు సలహా మీద కులం మార్చి చెప్పినవారూ ఉన్నారు. కుటుంబంలో చెప్పుకునే కులం, కాగితంలోని కులం కలవకపోతే విదేశంలోని చుట్టాలకు ఆ మాటను జాగ్రత్తగా చేరవేయండి. వారికి అది ఉత్త గుమాస్తా రాతగా కనిపించకపోవచ్చు, మనసు నొచ్చుకోవచ్చు.

ఆడవారి ఎంట్రీలు వేరే జాగ్రత్త కోరుకుంటాయి. ప్రతి 100 మంది మగవారికి 40 మంది ఆడవారు ఉండాలన్న నిబంధన ఉండేది. ఆ లెక్క నింపడానికి ఏజెంట్లు పడ్డ తొందరలో, డిపోలో పరిచయమైనవారు భార్యాభర్తలుగా నమోదైన సందర్భాలు ఉన్నాయి. అందుకే భర్త ఊరే భార్య ఊరని అనుకోవద్దు, ఆమె గడిలోని తండ్రి పేరు, ఊరు విడిగా రాసుకోండి.

అన్నిటికన్నా విలువైన అలవాటు ఒకటి ఉంది. మీ మనిషి నంబరుకు ముందు పది, వెనక పది ఎంట్రీలు చదవండి. ఒకే మేస్త్రీ వెంట వచ్చినవారు, అన్నదమ్ములు, బావమరుదులు, పక్క ఊరివాళ్లు వరుసలో పక్కపక్కనే నిలబడ్డారు, నంబర్లు కూడా పక్కపక్కనే పడ్డాయి. మీ ఎంట్రీలో చదవలేని ఊరి పేరు రెండు నంబర్ల అవతల శుభ్రంగా రాసి ఉండవచ్చు.

ఊరు ఎక్కడ?

రిజిస్టరులోని జిల్లా ఇప్పటి జిల్లా కాదు. ఓడ ఎక్కిన ఏడాది సరిహద్దులు ఏమిటో చూడాలి. చికకోల్ అంటే శ్రీకాకుళం, కానీ అప్పట్లో అది గంజాం జిల్లాలోది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాంలోని తెలుగు భాగం విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో శ్రీకాకుళం జిల్లా వచ్చింది. పాసులో గంజాం అని చూసి ఒడిశా వైపు వెళ్లినవారు అక్కడే తిరుగుతుంటారు. ఏలూరుది ఇంకా వింత ప్రయాణం: 1904 ముందు గోదావరి జిల్లా, తర్వాత కృష్ణా, 1925 నుంచి పశ్చిమ గోదావరి, 2022 నుంచి సొంత జిల్లా. 1859 నుంచి 1904 దాకా గుంటూరు కృష్ణా జిల్లాలో ఒక తాలూకా. 1882 ముందు అనంతపురం బళ్లారిలో భాగం.

అన్నిటికన్నా ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఉత్తర ఆర్కాటు. నేటాల్ జాబితాల్లో ఈ జిల్లా పేరు అడుగడుగునా కనిపిస్తుంది. దాన్ని చూసి తమిళనాడు అనుకుంటారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు అన్నీ అందులోవే. పక్కనున్న తాలూకా గడి చూడకుండా నిర్ణయానికి రావద్దు. చెంగల్పట్టు, సేలంలలో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు కూడా ఓడలెక్కాయి కాబట్టి, తమిళ ఊరు కనిపించినంత మాత్రాన ఇంట్లో తెలుగు మాట్లాడారన్న జ్ఞాపకం అబద్ధం కాదు.

తాలూకా తేలాక గ్రామాల జాబితాల పని మొదలవుతుంది. జనాభా లెక్కల గ్రామ డైరెక్టరీలు, మద్రాసు ప్రెసిడెన్సీ తాలూకావారీ గ్రామ జాబితాలు, సర్వే ఆఫ్ ఇండియా పాత మ్యాపులు ముందు పెట్టుకుని, ఇంగ్లీషు స్పెల్లింగును గట్టిగా పైకి చదవండి. కంటితో కలవనిది చెవికి కలుస్తుంది. ఊరి పేరు తోక దిక్కు చూపుతుంది: "వలస"తో ముగిస్తే శ్రీకాకుళం, పార్వతీపురం వైపు, "పూడి", "ర్రు" అయితే గోదావరి, కృష్ణా డెల్టా, "పల్లె" అయితే సీమ వైపు ఎక్కువ. కొత్తూరు, రామాపురం, కొత్తపల్లి లాంటివి ఒకే తాలూకాలో మూడు నాలుగు ఉంటాయి. అప్పుడు పక్క నంబర్లవాళ్ల ఊళ్లను మ్యాపు మీద గుర్తు పెట్టి, వాటి మధ్యలో పడే కొత్తూరును ముందు చూడాలి.

ఊళ్లో ఏం మిగిలి ఉంటుంది

ఇక్కడ ఆశలు కొంచెం తగ్గించుకోవాలి. ఓడలెక్కినవారిలో ఎక్కువమందికి సెంటు భూమి లేదు, లేనివారి పేరు భూమి కాగితాల్లో రాదు. అన్నదమ్ములకు ఉంటే మాత్రం దారి ఉంది. రైతులు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టిన రైత్వారీ ఊళ్లలో, శిస్తును మళ్లీ నిర్ణయించినప్పుడు రాసిన రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారుల పేర్లు తండ్రి పేరుతో సహా దొరుకుతాయి. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి లాంటి జమీందారీల కింది ఊళ్లలో ప్రభుత్వం దగ్గర అంత పాత పేర్లు ఉండవు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగలే (సర్వే నంబర్లవారీ భూమి పుస్తకం) అక్కడ చాలావరకు మొదటి పుస్తకం. కూలీలు ఎక్కువగా వెళ్లిన ఉత్తరాంధ్రలో ఇదే పరిస్థితి కావడం పెద్ద లోటు. కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. అప్పుడు తాలూకాఫీసుకు చేరని కట్టలు కొన్ని కరణంగారి వారసుల అటక మీద ఉండిపోయాయి. మర్యాదగా అడిగితే చూపిస్తారు.

కాగితం ఆగిన చోట మనుషుల జ్ఞాపకం ఉంటుంది, దానికీ ఒక పద్ధతి ఉంది. తద్దినాలు పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత మూడు తరాల పేర్లు వరుసగా నోటికి వస్తాయి. పిచ్చుకుంట్లవారు కొన్ని కులాల గోత్రాలు, ఇంటిపేర్లు పాటగా చెబుతారు, ఓడ రిజిస్టరులో లేని ఇంటిపేరుకు వారొక ఆధారం. మనవడికి తాత పేరు పెట్టే మన అలవాటు మేలూ చేస్తుంది, మోసమూ చేస్తుంది. పాసులో తండ్రి పేరు ఎర్రయ్య అని ఉండి, ఊళ్లో ఒక ఇంట తరం విడిచి తరం ఎర్రయ్యలు కనిపిస్తే అది మంచి సూచన. అయితే ఆ ఎర్రయ్యల్లో ఎవరు ఎవరన్నది ఏళ్లతో సరిపెట్టకపోతే వంశవృక్షంలో ఒక తరం మాయమవుతుంది.

ఒక్క పేరు కలిసిందని చుట్టరికం కలిపేయకండి. తండ్రి పేరు, ఊరు, ఇంకొక స్వతంత్రమైన ఆనవాలు, ఈ మూడూ కుదరాలి. మూడోది పక్క నంబరు బంధువు కావచ్చు, వచ్చిన ఉత్తరం కావచ్చు, "చెరకు దేశం పోయి రాలేదు" అని ఆ ఇంట్లో మీరు అడగకముందే చెప్పుకునే మాట కావచ్చు. మీరు ముందే పేరు చెప్పి "మీ తాతకు ఫలానా తమ్ముడున్నాడా" అని అడిగితే, విదేశీ చుట్టం వచ్చాడన్న ముచ్చటలో ఎవరైనా అవుననే అంటారు. ముందు వాళ్లను చెప్పనివ్వండి.

చర్చి పుస్తకాలు

క్రైస్తవ కుటుంబాలకు అదనంగా ఒక దారి ఉంది, అయితే ఏ సంఘమో తెలిస్తేనే. విశాఖలో లండన్ మిషన్ 1805 నుంచి, మచిలీపట్నంలో చర్చ్ మిషనరీ సొసైటీ 1841 నుంచి, గుంటూరులో లూథరన్లు 1842 నుంచి పనిచేశారు. నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు. లండన్‌లోనూ అమెరికాలోనూ ఉన్న మిషన్ ఆర్కైవుల్లో దొరికేవి ప్రధానంగా మిషనరీల ఉత్తరాలు, నివేదికలు. బాప్తిస్మం, పెళ్లి, సమాధి పుస్తకాలు చాలావరకు స్థానిక సంఘాల బీరువాల్లోనే ఉన్నాయి. బ్రిటిష్ లైబ్రరీలోని మద్రాసు చర్చి నమోదులు ఎక్కువగా యూరోపియన్లవి, ఆంగ్లో ఇండియన్లవి.

బాప్టిస్టు పుస్తకాన్ని పుట్టుక రిజిస్టరులా చదవకూడదు. వారు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, వారిలో నడివయసువారు ఎందరో. పైగా బాప్తిస్మంతో ఎర్రయ్య యాకోబు అయివుండవచ్చు, ఓడ జాబితాలో ఏ పేరు చెప్పాడో తెలియదు కాబట్టి రెండూ వెతకాలి. సముద్రం అవతలి ఒడ్డున కూడా చూడండి. నెల్లూరు నుంచి జాన్ రంగయ్య 1903లో నేటాల్ వెళ్లి, కీర్స్నీ తేయాకు తోటల దగ్గర తెలుగు బాప్టిస్టు సంఘం స్థాపించారు.

కతోలిక రిజిస్టర్లు లాటిన్‌లో ఉంటాయి గానీ గడులు తేలికే. వీటిలో తప్పక చూడాల్సింది పేజీ మార్జిను. 1908 తర్వాత, పెళ్లి ఎక్కడ జరిగినా ఆ సంగతిని బాప్తిస్మం ఇచ్చిన విచారణకు (పారిష్ చర్చికి) తెలిపి ఆ ఎంట్రీ పక్కన రాయాలన్న నియమం వచ్చింది. దర్బన్‌లో జరిగిన పెళ్లి మన పల్లె పుస్తకం అంచున ఒక వాక్యంగా ఉండే అవకాశం ఉంది. యానాం ఫ్రెంచి పాలనలో ఉండేది గనక, అక్కడి జనన, వివాహ, మరణ రిజిస్టర్లు ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ ఆర్కైవ్స్ వెబ్‌సైటులో కొన్ని ఉన్నాయి.

రంగం వెళ్లినవారు

తెలుగువారు పెద్ద సంఖ్యలో వెళ్లింది రంగం అని పిలిచిన బర్మా రేవు రంగూన్‌కే, దొరికే కాగితం అన్నిటికన్నా తక్కువ కూడా అక్కడిదే. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాకినాడలో, విశాఖలో, కళింగపట్నంలో డెక్కు టికెట్టు కొని ఓడ ఎక్కడం మద్రాసు రైలెక్కడం లాంటిదే, పాసు లేదు, నంబరు లేదు. బర్మా వెళ్లినవారిని ఎమిగ్రేషన్ రిజిస్టర్లలో వెతకడం మానేసి ఇంట్లో వెతకండి: మనియార్డరు రసీదులు, రంగూన్ ముద్ర ఉన్న పోస్టుకార్డులు, పంపిన డబ్బుతో కొన్న పొలం దస్తావేజు. 1942లో జపాన్ దాడికి నడిచి వచ్చినవారి కథలు ఇళ్లలో ఉన్నా కాగితాలు అరుదు. 1960ల్లో తిరిగి వచ్చిన కాందిశీకులకు గుర్తింపు, పునరావాస కాగితాలు ఇచ్చారు. అవి ఆ కుటుంబాల దగ్గర, విశాఖ బర్మా క్యాంపు లాంటి చోట్ల ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. మలయాకు కంగాణీలు (కూలీలను చేర్చుకుని తీసుకెళ్లే మేస్త్రీలు) తీసుకుపోయినవారి సంగతీ ఇంచుమించు ఇంతే. అక్కడ తోట పేరు తెలిస్తే తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న దిగువ పేరాక్ వైపు సంఘాలను అడగవచ్చు.

మీరు ఊళ్లో ఉండి, వెళ్లిపోయినవారిని వెతుకుతున్నట్టయితే లెక్క తిరగబడుతుంది: మీ దగ్గర ఊరు, ఇంటిపేరు ఉన్నాయి, నంబరు లేదు. నేటాల్ డేటాబేసులో మీ ఊరి పేరును రకరకాల స్పెల్లింగులతో కొట్టి వచ్చినవారందరినీ కాగితం మీద రాసుకోండి, తర్వాత మీ వంశంలో తెలిసిన పాత తండ్రి పేర్లతో పోల్చండి. ఎవరూ కలవకపోతే మారిషస్ అయివుండవచ్చు. అక్కడ ఒప్పందం ముగిసి నేటాల్ వెళ్లినవారికి రెండు నంబర్లుంటాయి, రెండో జాబితాలో ఊరి పేరు సరిగ్గా పడకపోవచ్చు. తిరుగు ఓడల పత్రాలను కూడా మరవకండి. నేటాల్‌లో పదేళ్లు గడిపినవారికి ఉచితంగా వెనక్కి వచ్చే హక్కు ఉండేది, ఆ ప్రయాణాలూ పాత నంబరు కిందే నమోదయ్యాయి. ఊళ్లో "పోయి రాలేదు" అనుకున్న మనిషి పేరు మద్రాసు రేవులో దిగినవారి వరుసలో కనిపిస్తే, అక్కడి నుంచి వెతకాల్సింది చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో.